జడలో అల్లిన కారు చాబి

కారు నడపడం కన్నా దాని చాబిని కాపాడడమే కష్టమని మా ఇంట్లో అందరూ నమ్మిన కాలం అది. డెబ్బైల చివర్లో, వరంగల్ బట్టల దుకాణాల వాళ్లలో కారున్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మా చిన్నాయన ఎవరో వదిలించుకున్న పాత అంబాసిడర్‌ను కొనుక్కొచ్చి, కొబ్బరికాయ కొట్టి, దాని ముఖం కనబడనంతగా పసుపు కుంకుమలు పూశాక తెలిసింది, దానికున్న చాబి ఒక్కటేనని. (ఇంకోటి చేయించమంటే, "ఇంకోటుంటె దొంగకు ఇంకో తొవ్వ దొరికినట్టే" అనేవాడు.) పగలు అది ఆయన మొలతాడుకు, రాత్రి తలదిండు కింద ఉండేది. మా చిన్నమ్మ తన నగల గురించి కూడా అంత దిగులు పడి ఎరుగదు.

అంతకు ముందటి ఏడు మా తాత పోయాడు. నేను బడి మొహం చూడలేదు. అక్షరాలు, లెక్కలు, స్తోత్రాలు అన్నీ ఇంట్లో ఆయనే నేర్పాడు. ఏడాది తిరిగాక కాళేశ్వరంలో గోదావరి స్నానానికి కారులో బయల్దేరాం. చిన్నాయన తర్పణాలు వదులుతాడు, మరి నేనేం చేయాలి? బాపమ్మ, అంటే తాత భార్య, నాకు చాటుగా చెప్పింది: "తాత పేరు మీద మూడు మునుగులు మునుగు బిడ్డా. తల తడవాలె. తడవకపోతె లెక్కల రాదు." పదిహేనేళ్ల నాకు ఆ మూడు మునకల కన్నా పెద్ద పని లోకంలో మరొకటి కనిపించలేదు.

తీరా ఒడ్డుకు చేరాక చిన్నాయన మొలతాడు తడుముకుని నిలబడిపోయాడు. "నీళ్లల్ల దారం తెగిందంటె చాబి సీదా సముద్రంల పడ్తది" అన్నాడు. కారు టైరు మీద పెట్టి నాలుగడుగులు వేసి, వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. "గా ముసలాయన నా దిక్కే చూస్తాండు!" (ఆ ముసలాయన కళ్లు మూసుకుని జపం చేసుకుంటున్నాడు, పాపం.) తర్వాత ఇసుకలో పాతి గుర్తుకు ఒక రాయి పెట్టాడు. వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డంతా అవే రాళ్లు. మోకాళ్ల మీద కూర్చుని తవ్వుకున్నాడు. చివరికి చాబి నా చేతిలో పెట్టి, "నువ్వు దేవుని బిడ్డవు, నీ దగ్గరైతె ఫికర్ లేదు. కూసో" అన్నాడు.

కూర్చున్నాను. తర్పణాలయ్యాయి, చిన్నమ్మ స్నానమైంది, బాపమ్మ దీపం వదిలి వచ్చింది. నా వంతు వచ్చేసరికి చాబి పట్టుకునేవాళ్లు లేరు. "నాకొద్దమ్మా, పోతె బతికినంత కాలం నన్నే అంటడు" అని చిన్నమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. చిన్నాయనేమో, తడిసిన మొలతాడు మీద నమ్మకం లేదని, బాపమ్మకు మతిమరుపని సాకులు చెప్పి, "ఇగ పోదాం పాండ్రి. పరకాల దాటేసరికి చీకటైతది" అంటాడు. నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి.

బాపమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని, చాబి రింగును నా జడ కొసలో పెట్టి, రిబ్బనుతో కలిపి అల్లి, ముడి మీద ముడి వేసింది. "ఆడపిల్ల జడ కంటె గట్టి బీరువా ఉన్నదారా?" అని చిన్నాయనను అడిగి, నా వైపు తిరిగింది: "పోవే, మునుగుపో."

నీళ్లలోకి దిగాను. ఒడ్డు మీంచి చిన్నాయన కేకలు: "మెడ దాక చాలు! తల ముంచకే! జర నా మాటినే, నీకు దండం పెడ్త!" నేను పళ్లు కొరుక్కుంటూ మొదటి మునక మునిగాను. లేచేసరికి ఆయన మోకాలి లోతు నీళ్లలో ఉన్నాడు. రెండోదానికి నడుము దాకా వచ్చాడు. మూడోసారి నీళ్ల కింద కావాలనే ఆగాను. ఏ కేకా వినబడలేదు. తాత ముఖం తలుచుకున్నాను.

చాబి భద్రంగానే ఉంది, మరీ భద్రంగా. తడిసిన రిబ్బను, జుట్టు, రింగు ఒకదాన్నొకటి కరుచుకుని ఎంతకూ ఊడిరాలేదు. చిన్నాయన కత్తెర అడగబోతే బాపమ్మ లేచింది. "పెండ్లి కావాల్సిన పిల్ల జుట్టుకు గంగ ఒడ్డుల కత్తెర పెడ్తవారా? నోరు కడుక్కో!" ఇక మిగిలింది ఒకటే దారి. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, జడ కొసనున్న చాబిని అట్లాగే కారుకు పెట్టి తిప్పాడు. కట్టేసిన మేకలా, మెడ పక్కకు వంచి, కాళేశ్వరం నుంచి పరకాల దాకా వచ్చాను.

పరకాలలో చాయ్ కోసం ఆగినప్పుడు, చాబిని కారులో వదలడం ఇష్టంలేక చిన్నాయన దాన్ని లాగి నా ఒళ్లో వేశాడు. "పట్టుకో, భద్రం" అని మళ్లీ చెప్పాడు! హోటలాయన కిటికీలోంచి తొంగిచూసి, "సేట్, కారు కొంటె చాబికి పిల్లను కూడ కట్టిచ్చిన్రా?" అన్నాడు. చిన్నమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒకటే బెంగ. వెనక సీట్లోని బాపమ్మను మెల్లగా అడిగాను: "బాపమ్మా, మూడు మునుగులూ కోపంతోనే మునిగిన. తాతకు అందుతదా?"

బాపమ్మ నా తడి జడను తువ్వాలలో చుడుతూ అంది: "అందుతది బిడ్డా. మీ తాత నాతోని కాపురం చేసినోడు. కోపం ఆయనకు కొత్తనా?"

ఇప్పుడు గోదావరికి వెళ్తే, తీసుకెళ్లిన వాళ్లకు, నీళ్లకు, దేవుడికి మనసులో దండం పెట్టుకుని నిదానంగా మునుగుతాను. అంతా శాంతమే. అయినా పళ్లు కొరుక్కుంటూ మునిగిన ఆ పిల్ల అంత లోతుకు నేను మళ్లీ ఎన్నడూ వెళ్లలేదేమో అనిపిస్తుంది.