అమ్మ కండ్లద్దాలు

పోలీసు సినిమాలంటే నాకు ఒళ్లు మంట. రూలు దాటినవాడే మొగోడన్నట్టు చూపిస్తారు. అయినా ఆ రోజు అమ్మను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరులో అలాంటి సినిమాకే పోయాను. పులివెందుల నుంచి నాకు అక్కడికి బదిలీ అయ్యాక అమ్మ నా దగ్గరికి రావడం అదే మొదలు. గండికోట లోయలో తీశారట, మన పక్క ఎట్లా చూపించారో చూడాలని పట్టుబట్టింది.

అమ్మ కండ్లద్దాల సంగతి ముందు చెప్పాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అవి ఆమె ముఖం మీదే ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు, బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు మాత్రం తీసి పక్కన పెట్టేది. అందరూ చూడడానికి పెట్టుకుంటారు, నువ్వేమో చూడడానికి తీస్తావు అని ఎగతాళి చేసేదాన్ని. అమ్మ నవ్వేది కాదు. అవి ఉత్త గాజు బిళ్లలని నేను పెద్దదాన్నయ్యాక అవ్వ చెప్పింది.

అమ్మ పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకటే ఊరు, జమ్మలమడుగు దాటాక వస్తుంది. నేను పుట్టకముందు అక్కడే, పొలం గట్టు తగాదాలో, అమ్మ తమ్ముణ్ని కళ్లంలో నరికి చంపారు. చూసింది అమ్మ ఒక్కతే. ఇంకో తల తెగకూడదని దినాలు కాకముందే రెండు వైపుల పెద్దలు కూర్చుని రాజీ చేశారు. మా పక్క రాజీ అంటే, చూసినవాళ్లు చూడలేదని చెప్పడమే. చూపు మసక అని చెప్పమని అమ్మకు నేర్పి, ప్రొద్దుటూరు నుంచి అద్దాలు తెచ్చి పెట్టారు. ఎస్సైతోనూ, కోర్టులోనూ అమ్మ అదే చెప్పింది. కేసు కొట్టేశారు. నరికినాయన మా వీధిలోకే తిరిగొచ్చాడు. అద్దాలు తీస్తే రాజీ చెడినట్టేనని ఊళ్లో నలుగురి ముందు అమ్మ మళ్లీ తీయలేదు.

సినిమాలో హీరో పోలీసు డిటెక్టివు. చూసి కూడా నోరు విప్పని ఒక ఆడమనిషి ఇంటికి పోయి, తలుపు తన్ని, జుట్టు పట్టుకుని, తుపాకీ పెట్టి చెప్పమంటాడు. ఆమె ఏడుస్తూ హంతకుడి వైపు వేలు చూపిస్తుంది. హాలంతా ఈలలు. పద పోదామని పక్కకు తిరిగితే, అమ్మ అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని రెప్ప వేయకుండా చూస్తోంది.

బయటికొచ్చాక నేను ఆ హీరోను తిడుతూనే ఉన్నాను. అమ్మ నన్ను ఆపింది.

"మన ఇంటికొచ్చిన ఎస్సై శానా మంచోడు. చెప్పులు గడప బయటే ఇడిసినాడు. కనపడల్యా సార్ అంటే, సరేలేమ్మా అని రాసుకోని పాయ. ఇంగోసారి అడగనే ల్యా."

"అడిగింటే?"

"చెప్పిందును. నా తమ్ముడు నన్ను చూసే, 'అక్కా' అని అరిచినాడు."

రోడ్డు మీదే నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఏడవలేదు, ఆటో పిలవమంది.

మరుసటి రోజు ఊరికి దిగబెట్టడానికి నేనూ బస్సెక్కాను. అమ్మ అద్దాలు సంచిలో పెట్టింది. కిటికీ దగ్గర కూర్చుని లారీల మీద రాతలు, శనగ చేలు, ఎండిన పెన్న, అన్నీ చూసుకుంటూ వచ్చింది. అంత తేటగా ఉన్న ఆమె ముఖం నేనెన్నడూ చూడలేదు. ఇక తీసేసిందిలే అనుకున్నాను.

మా ఊరి మలుపు రాగానే సంచిలో చెయ్యి పెట్టి వెతికి, అద్దాలు తీసి పెట్టుకుంది.

బస్టాపు అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆ నరికినాయనే. అమ్మను చూసి లేచి నిలబడి, "బాగుండావా అక్కా?" అన్నాడు.

రెండడుగుల దూరంలో నిలబడి అమ్మ ఆయన ముఖంలోకి చూసింది.

"ఎవురప్పా? నాకు కండ్లు ఆనవు."