మడత నలగని చొక్కా

రిటైరు కావడానికి నాలుగేళ్ల ముందు నన్ను పాత ప్రకాశం జిల్లాలో, గుంటూరు సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒక మండలానికి వ్యవసాయాధికారిగా వేశారు. జూన్‌లో చేరాను. డిసెంబరు మొదట్లో తుఫాను వచ్చింది. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే మిరప చెట్టు పడిపోదు, నిలబడే చస్తుంది. వేరు కుళ్లుతుంది, ఆకు వాలుతుంది, పండిన కాయ రంగు విరిగి తెల్లబడుతుంది. ఆ తెల్లబడినదాన్ని తాలుకాయ అంటారు. దాన్ని మిర్చి యార్డుకు తీసుకెళితే వచ్చేది కోత కూలికి కూడా చాలదు.

పంట నష్టం లెక్క మా శాఖ, రెవెన్యూ శాఖ కలిసి కడతాయి. చేను చేనుకూ వెళ్లి చూసి, మూడో వంతుకు మించి పోయిందని తేలితే పెట్టుబడి రాయితీకి రాస్తాం. ఏ చేనుకు ఎంత రావాలో తేల్చేది ఆ లెక్కే. ఇది కాక ఢిల్లీ నుంచి కేంద్ర బృందం వస్తుంది. వాళ్లు దారి పొడవునా అక్కడక్కడా ఒక చేను చూసి, ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఫొటోల ప్రదర్శన చూసి, వెళ్లి నివేదిక రాస్తారు. వాళ్లకు చూపించే చేను ఎంపిక చేయడం మండల వ్యవసాయాధికారి పని. దానికి ఉన్న అర్హత ఒక్కటే. కారు దిగాక ఎక్కువ నడవక్కరలేకుండా ఉండాలి.

మా మండలంలో అలా రోడ్డును ఆనుకుని ఉన్న చేను షేక్ మస్తాన్‌ది. అతనిది అంటే అతను కౌలుకు చేస్తున్నది. పొలం సొంతదారు, అంటే ఆసామి, గుంటూరులో ఉంటాడు. కౌలు కార్డు మీద ఆసామి సంతకం పెట్టలేదు. కాబట్టి రాయితీ వస్తే ఆసామి ఖాతాలో పడుతుంది. పంట వేసిందీ, పోగొట్టుకున్నదీ మస్తాన్. ఈ మాట బృందంతో చెప్పుకోవాలని అతని పట్టుదల. చేను చూపిస్తామనగానే ఒప్పుకున్నాడు.

మస్తాన్‌కు నలభై ఐదేళ్లుంటాయి. మండలంలో అందరికీ అతను ఇస్త్రీ మస్తాన్. చేలో పురుగుమందు కొట్టేటప్పుడు పాత బట్టలు కట్టేవాడు కానీ చేను గట్టు దాటి రోడ్డెక్కాడంటే ఇస్త్రీ చొక్కా ఉండాల్సిందే. చిలకపచ్చ, వంకాయరంగు, నిమ్మపండు రంగు. ధర పడిపోయినప్పుడు, తెగులు తగిలినప్పుడు రంగు ఇంకా ముదిరేది. ఒకసారి నల్లతామర పురుగు చేను మొత్తం పట్టిన వారం అతను రోజుకో కొత్త చొక్కాతో మా ఆఫీసుకు వచ్చాడు. నాకు ఒళ్లు మండింది. ఇంత కష్టంలో ఇదేం షోకు అనుకున్నాను. అతని చొక్కా మడతలు నా చొక్కా మడతల కంటే పదునుగా ఉండటం కూడా నా చిరాకుకు ఒక కారణమని ఇప్పుడు ఒప్పుకుంటాను.

బృందం వచ్చే ముందురోజు సాయంత్రం జిల్లా నుంచి పై అధికారి ఫోన్ చేశారు. ఏర్పాట్లన్నీ అడిగి, చివర్లో, రైతులు రైతుల్లా కనబడాలి, చూసుకోండి అన్నారు. నేను అలాగే సార్ అన్నాను. రైతుల్లా అంటే ఎలా అని అడగలేదు. నాకు అర్థమైంది. అర్థమైనందుకే ఇవాళ్టికీ నా మీద నాకు కోపం.

అప్పట్లో నా పేరు ఏ.డి. ప్రమోషన్ జాబితాలో ఉంది. ఏ.డి. అంటే సహాయ సంచాలకుడు, నా పై మెట్టు. ఆ మర్నాటి కోసం నేను లేత నీలం చొక్కా ఒకటి కొత్తగా కుట్టించుకున్నాను. టక్ చేసి, బెల్టు పెట్టి, బూట్లు వేసుకుని, అద్దంలో రెండుసార్లు చూసుకుని బయల్దేరాను.

చేను దగ్గరికి వెళ్లేసరికి మస్తాన్ గట్టు మీద నిలబడి ఉన్నాడు. మల్లెపువ్వు లాంటి తెల్ల చొక్కా, తెల్ల లుంగీ, అత్తరు. పక్క చేలవాళ్లు ఆటపట్టిస్తున్నారు.

“ఒరేయ్ మస్తానూ, పంట పోయిందా, పెళ్లి కుదిరిందా?”

“రెండిటికీ ఖర్చు నాదే గదరా. నవ్వుకోండి.”

నేను అతన్ని పక్కకు పిలిచాను. బట్టలు మార్చుకుని రమ్మన్నాను. ఎందుకన్నాడు. బృందం నష్టాన్ని చూడటానికి వస్తోంది, నువ్వు ఇలా ఉంటే వాళ్లు నమ్మరు అన్నాను.

“నష్టం చేలో ఉంది సార్. చూసుకోమనండి. పోయింది నా పంట, నా చొక్కా పోలా.”

“ఫొటోలు తీస్తారు మస్తాన్. పేపర్లో పడుద్ది.”

“అందుకే గదా సార్ ఏసుకుంది!” అన్నాడు, గొంతు పెంచి. “పంట బాగుంటే గోచీ పెట్టుకు తిరిగినా చెల్లుద్ది. పోయినప్పుడే మనిషి నిలబడి కనపడాలి. చితికిపోయినోడిలాగా పేపర్లో పడితే వచ్చే ఏడు నాకు కౌలుకి పొలం ఎవడిస్తాడు? మీరిస్తారా?”

అతను చెప్పినదాంట్లో నాకు తెలియనిది ఏమీ లేదు. ఆ ప్రాంతంలో మనిషి నడక, చొక్కా చూసే పొలం ఇస్తారు, విత్తనం ఇస్తారు. కానీ దూరంగా కార్లు కనబడుతున్నాయి. మార్చుకోకపోతే పక్క చేను చూపిస్తాను, నువ్వు వాళ్లతో మాట్లాడే పనే ఉండదు అన్నాను. అది బెదిరింపు. నేను నిదానంగా, మర్యాదగా చేశాను.

మస్తాన్ అందరి ముందూ బొత్తాలు విప్పాడు. చొక్కా తీసి, గాల్లోనే మడత పెట్టి నా చేతికిచ్చాడు.

“పట్టుకోండి సార్. మడత నలగనీయమాకండి.”

ముందు కారులోంచి పై అధికారి దిగారు. బృందం కారు ఇంకా వెనకే ఉంది. ఆయన మస్తాన్‌ను చూసి పెదవి విరిచారు. బనీను కూడా తెల్లగా ఉందేమిటి అన్నారు నాతో. నేను మస్తాన్ వైపు తిరిగి, కొంచెం బురద రాసుకోమన్నాను.

ఇది నేను అన్న మాటే. ఆయన అనలేదు.

మస్తాన్ వంగి రెండు చేతులా నల్లమట్టి తీసి గుండెల మీద పూసుకున్నాడు. “చాలా సార్? మొహానిక్కూడానా?” అన్నాడు.

బృందం వచ్చింది. పీకిన మిరప చెట్టు ఒకటి మస్తాన్ చేతికిచ్చారు. ఫొటోలు తీశారు. బృందంలో పెద్దాయన ఏమైనా చెబుతావా అన్నట్టు తల ఊపాడు. మస్తాన్ తెలుగులో చెప్పాడు. పొలం తనది కాదని, డబ్బు ఆసామికి పోతుందని, పంట వేసినవాడికి వచ్చే దారి చూపమని. పై అధికారి దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. ఈ రైతు చాలా నష్టపోయాడు, మీరు వచ్చినందుకు కృతజ్ఞతలు చెబుతున్నాడు అన్నారు. పెద్దాయన మస్తాన్ భుజం తట్టబోయి, బురద చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కార్లు వెళ్లిపోయాయి.

నాకు ఇంగ్లీషు వచ్చు. నేను ఆయనకు మూడడుగుల దూరంలో, రెండు చేతుల్లో చొక్కా పట్టుకుని నిలబడి ఉన్నాను. మడత నలగలేదు.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. బురద బనీను, ఎండిన చెట్టు. ఏప్రిల్‌లో ఆసామి పొలాన్ని వేరేవాళ్లకు ఇచ్చేశాడు. చుట్టుపక్కల ఇంకెవరూ మస్తాన్‌కు కౌలుకివ్వలేదు. అతను మార్టూరులో గ్రానైటు పాలిష్ పనికి వెళుతున్నాడని జూలైలో నాకు తెలిసింది. నేను అక్కడికి వెళ్లాను.

షిఫ్టు దిగే వేళ. రాతిపొడి నీళ్లలో తడిసి మనిషి మొత్తం సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు. నన్ను చూడగానే, “ఏంది సార్, ఇక్కడిక్కూడా బృందం వస్తందా?” అన్నాడు. కుళాయి కింద ఒళ్లు కడుక్కుని, సంచిలోంచి చిలకపచ్చ చొక్కా తీసి వేసుకున్నాడు. బొత్తాలు పెట్టుకుంటుండగా నేను చెప్పదలుచుకున్నది చెప్పాను. తప్పు నాదని, క్షమించమని.

“ఆ రోజు మీ చొక్కా ఎవరన్నా ఇప్పమన్నారా సార్?”

లేదన్నాను.

“ఇప్పమంటే ఇప్పుతారా?”

అతను ఆఖరి బొత్తాం పెట్టుకున్నాడు.

“నాకెందుకు సార్ మీ క్షమించమనడాలు. కడుపు నింపుద్దా? ఆసామి దగ్గరికి పోయి చెప్పండి. ఆ బురద మీరు పూయించారని చెప్పండి. నేను చితికిపోలేదని చెప్పండి. పోండి.”

మర్నాడే గుంటూరు వెళ్లాను. ఆసామి కాఫీ ఇచ్చి, నా మాట మొత్తం విన్నాడు. “మీరు చెబితే కాదంటానా అండీ. కానీ ఊరంతా చూసింది పేపర్లో ఫొటోని గదా. ఇప్పుడు మీరొచ్చి అది మేం పూయించిన బురదంటే ఎట్టాగండీ?” అన్నాడు. పొలం అప్పటికే దున్నేశారు. నేను తిరిగి వచ్చేశాను. ఆ జవాబు మస్తాన్‌కు ఫోన్‌లో చెప్పాను. అతను విని, పెట్టేశాడు.

ఆ ఏడాదే నాకు ఏ.డి. ప్రమోషన్ వచ్చింది. తర్వాత నా సర్వీసులో మరో రెండుసార్లు బృందాలు వచ్చాయి. రైతులు ఏం కట్టుకుని రావాలో ఎవరూ చెప్పకూడదని నా కింది అధికారులకు నోటిమాటగా చెప్పాను. కాగితం మీద పెట్టలేదు. పెట్టే ధైర్యం నాకు అప్పుడు కూడా లేదు. ఒకసారి ఒక రైతు కళ్లద్దాలు, వాచీతో వచ్చాడు. పై అధికారి నన్ను కోప్పడ్డారు. అంతకు మించి ఏమీ జరగలేదు. మస్తాన్ చేను దగ్గర కూడా అంతకు మించి జరిగేది కాదు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది, నష్టపోయిన మనిషి ఎలా కనబడాలో నిర్ణయించే అధికారం మాకు ఎవరూ ఇవ్వలేదని. మాకు ఇచ్చింది చేను కొలిచే అధికారం. మస్తాన్ చేనులో ఎంత పోయిందో బృందం రాకముందే మా లెక్కలో రాసి ఉంది. అతను ఇస్త్రీ చొక్కాతో నిలబడినా, బురదతో నిలబడినా అందులో ఒక్క అంకె మారదు. ఆ ఉదయం ఆ గట్టు మీద ఉన్న అందరిలోకీ ఆ సంగతి నాకే బాగా తెలుసు. ఆ లెక్క మీద సంతకం పెట్టింది నేనే.