జంటసీట్లు తిప్పే మనిషి

రెండు మహానగరాల మధ్య పగటిపూట ఐదే ఐదు గంటల్లో ఉరికే ఆ వేగబండిలో ఎవరూ వెనక్కి తిరిగి కూర్చోరు. వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ అందరి ముఖాలూ బండి పోయే వైపే ఉంటాయి. చివరి స్టేషనులో బండి మాత్రం మలుపు తిరగదు, వచ్చిన పట్టాల మీదే వెనక్కి పోతుంది. కాబట్టి సీట్లను ఎవరో ఒకరు తిప్పాలి. ఆ ఎవరో ఒకరిని స్టేషనులో అందరూ తిప్పుడు బాబాయి అనేవారు.

ఇరవై ఆరేళ్లుగా ఆయన పని అదే. పదకొండింటికి అవతలి నగరం నుంచి బండి వస్తుంది, పావు తక్కువ పన్నెండుకు తిరిగి వెళ్లిపోతుంది. ఆలోగా జనం దిగాలి, చెత్త ఊడ్వాలి, సీట్లు తిరగాలి. జంటసీటు కింద నడవ పక్కన ఒక పెడలు ఉంటుంది. దాన్ని కాలితో తొక్కి, సీటు వీపు మీద చెయ్యేసి తోస్తే అది గిర్రున సగం చుట్టు తిరిగి ‘టక్’మని కూర్చుంటుంది. సరిగ్గా కూర్చుందని తెలిశాక బాబాయి దాని వీపు మీద రెండుసార్లు తట్టేవాడు, పసిబిడ్డను నిద్రపుచ్చినట్టు.

“లాగి చూస్తే చాలు కదయ్యా, జోకొట్టడం దేనికి?” అని మేస్త్రీ నవ్వేవాడు.

“లాగితే దానికి కోపమొస్తుంది,” అనేవాడు బాబాయి.

ఆగి ఉన్న బండిలో ఆయనకు తెలియని మేకు లేదు. కదిలే బండిలో మాత్రం ఒక్కసారి కూర్చున్న పాపాన పోలేదు.

ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి. భార్య ఏదో చెబుతుంటే ఊఁ కొడుతూ కుర్చీలు సర్దేవాడు. అన్నం తిన్న చెయ్యి ఆరకముందే ఇంకో పని వెతుక్కునేవాడు. “ఇంటికొచ్చినా అదే హడావుడి! నేనేమైనా దిగిపోయే పాసింజర్నా, వీపు తట్టి పంపేయడానికి?” అని ఆవిడ దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వే సమాధానమని ఆయన అనుకున్నాడు. ఆవిడ అనుకోలేదు.

ఆవిడ చెల్లెలు ఆ అవతలి నగరంలో కాలు విరగ్గొట్టుకుంది. వారం ఉండి వస్తానని వెళ్లిన ఆవిడ నాలుగు నెలలైనా రాలేదు. చెల్లెలి కాలు ఎప్పుడో అతుక్కుంది, సంగతి కాలు కాదు. “మీరొచ్చి తీసుకెళితే వస్తాను,” అంది. సరేనన్నాడు. ఆ రోజు తోటివాడికి జ్వరమొస్తే వాడి డ్యూటీ కూడా తానే చేశాడు. రెండోసారి ఇంకేదో. మూడోసారి ఏమడ్డొచ్చిందో ఆయనకే గుర్తులేదు. మూడుసార్లూ ఆవిడ సంచి సర్దుకుని, ప్లాట్‌ఫారం గడియారం కింద నిలబడి, దిగినవాళ్లందరినీ చూసి, ఒంటరిగా వెనుదిరిగింది.

నాలుగోసారి ఫోనులో ఆవిడ గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే ఆయనకు భయం వేసింది. “రేపు గడియారం కింద ఉంటాను. దిగేవాళ్లలో మీరు లేకపోతే వెళ్లిపోతాను. ఇక పిలవను, మీరూ పిలవొద్దు. చెల్లి వాళ్లు నాకో గది ఖాళీ చేసి ఇస్తామంటున్నారు.”

“వస్తాను.”

“ఆ మాట పాతదే.”

మేస్త్రీ కాళ్లావేళ్లా పడి సెలవు తీసుకుని, మర్నాడు ఆరింటి బండి ఎక్కాడు. తిరుగు ప్రయాణానికి కొన్న రెండు టికెట్లు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తన సీటును ముందు రెండుసార్లు తట్టి, ఆ తర్వాత కూర్చున్నాడు. ఏం చెప్పాలో ఐదు గంటలూ కూడబలుక్కున్నాడు. ‘నువ్వు లేకపోతే తోచడం లేదు’ అనుకున్నాడు. పక్కసీటువాళ్లకు వినబడిందేమోనని సిగ్గుపడ్డాడు. మళ్లీ మొదటికొచ్చాడు.

బండి ఆగింది. తొక్కుకుంటూ జనం లేచారు. ముందు వాళ్లను దిగనిద్దామని ఆయన కిటికీ పక్కనే ఉండిపోయాడు. పెట్టె ఖాళీ అయింది. చివరి అడుగుల చప్పుడు ఆగింది. అవతలి కొసన చీపురు చప్పుడు మొదలైంది. ఇరవై ఆరేళ్లుగా ఆ చప్పుడు వింటే ఆయన చేసేది ఒక్కటే. లేచి నిలబడ్డాడు. కాలు దానంతటదే పెడలు వెతుక్కుంది. టక్. రెండు తట్లు. టక్. రెండు తట్లు.

“కొత్తగా చేరావా అన్నా?” అంది ఊడ్చే ఆవిడ. “సీట్లు తిప్పే మావాడు ఇవాళ రాలేదని ఏడుస్తున్నా. దేవుడిలా వచ్చావు!”

బాబాయి ఊఁ అని ఇంకో వరుసకు జరిగాడు.

చివరికి ముందున్న వరుసను తిప్పి, వంగి తట్టినప్పుడు జేబులోంచి రెండు కాగితాలు కింద పడ్డాయి. తీసి చూశాడు. టికెట్లు. ఒకటి తనది. ఒకటి ఆవిడది.

తలుపు దగ్గరికి పరుగెత్తి దూకినంత పని చేశాడు. ప్లాట్‌ఫారం బోసిగా ఉంది. గడియారంలో పదకొండుంబావు. దాని కింద ఎవరూ లేరు. గేటు దాకా పరుగెత్తాడు. ఏమని పిలుస్తాడు, ఎటు చూసి పిలుస్తాడు? రెక్కలు విరిగినట్టు వెనక్కొచ్చి, లోపల వదిలేసిన తన సంచి కోసం పెట్టె ఎక్కాడు.

ఇంకా తిప్పని చివరి వరుసలో, ఒళ్లో సంచి పెట్టుకుని, ఆవిడ కూర్చుని ఉంది.

“ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి,” అంది. కళ్లు తడిగా ఉన్నాయి, గొంతులో మాత్రం పాత దెప్పుడే. “జనమంతా దిగారు. మీరేరీ?”

“అదీ... చీపురు...”

“తెలుసు. గేటు వైపు వెళ్లిపోతున్నాను. కిటికీలోంచి చూస్తే ఎవరో సీట్లకు జోకొడుతున్నారు. లోకంలో అంత పిచ్చిమనిషి ఇంకొకరుండరని ఎక్కాను. నేను ఇటు ఎక్కేసరికి మీరు అటు దూకారు.”

కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. నడవలో నిలబడి, చేతిలో టికెట్లు నలుపుతూ ఆయన అన్నాడు:

“నువ్వు లేకపోతే... ఇంట్లో ఎటు తిరిగి కూర్చోవాలో తెలియడం లేదు.”

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఇంత పొడుగు మాట చెప్పడం అదే మొదలు. ఆవిడ లేచి, సంచి భుజాన వేసుకుని, ఒక టికెట్టు ఆయన చేతిలోంచి లాక్కుంది.

“ఇదొక్కటీ ఎందుకు వదిలేస్తారు? తిప్పండి.”

ఆయన పెడలు తొక్కాడు. సీటు వీపు మీద ఆవిడ కూడా చెయ్యేసింది. గిర్రున తిరిగి టక్‌మంది. ఆయన చెయ్యి లేచేలోపే ఆవిడ దాన్ని రెండుసార్లు తట్టింది.