ముల్లు కాదు, సంచి

ఆ రోజు బొచ్చె చేప పులుసుతో అన్నం తింటుంటే గొంతులో ఏదో అడ్డం పడింది. శామీర్‌పేట చెరువులో యాభై ఏళ్లు వల వేసినవాణ్ని, ముల్లు గుచ్చుకుందనే అనుకున్నాను. మా ఇళ్లలో ముల్లుకు మందు ఒకటే, వట్టి అన్నం ముద్దలు నమలకుండా మింగడం. నా భార్య లక్ష్మి ముద్దలు చేసి పెట్టింది.

"ఇంకోటి మింగు, గదే దిగుతది" అంది.

నాలుగు నెలలు అదే వైద్యం. నీళ్లు తాగితే గొంతు గుడగుడలాడేది. వంగితే నిన్నటి మెతుకులు తిన్నవి తిన్నట్టే నోట్లోకి వచ్చేవి. సిగ్గేసి తువ్వాలులో ఉమ్మి దాచేవాణ్ని. మనిషిని సగమయ్యాను. క్యాన్సరేనని లోలోపల వణికిపోయాను. చివరికి దగ్గు, జ్వరంతో మేడ్చల్‌లో ఆసుపత్రిపాలైతే న్యుమోనియా అన్నారు.

అప్పుడు అక్కడి డాక్టరమ్మకు మెతుకుల సంగతి చెప్పాను. ఆమె వెంటనే బేరియం స్వాలో అనే ఎక్స్‌రే పరీక్ష రాసింది. తెల్లటి మందు మింగుతుంటే తెరమీద నా గొంతు కనిపించింది. మందు కిందికి పోకుండా వెనక్కి మళ్లి, ఒక సంచిని నింపింది. ఎన్ని వేల చేపల కడుపులు కోసి చూశానో, నాలోపల ఇలాంటిది ఉందని మాత్రం డెబ్బై ఏళ్లు దాటాక చూశాను. అనారోగ్యం సంగతే మరిచి అలా చూస్తుండిపోయాను.

"ఈ సంచిని జెంకర్స్ డైవర్టిక్యులమ్ అంటరు. వయసు మీద పడ్డంక కొందరికి వస్తది. క్యాన్సర్ కాదు, పెద్దాయనా."

"మరి ముల్లు, డాక్టరమ్మా?"

"ముల్లు లేదు. మీరు తిన్నది సంచిల నిలిచి, ఊపిరితిత్తులలకు జారింది."

లక్ష్మి ముఖం పాలిపోయింది. "నా చేతులతోని నేనే పెట్టిన" అంది.

"నువ్వేం జేస్తవే, దాసింది నేను" అన్నాను. అప్పుడే తువ్వాలు సంగతి ఆమెకు తెలిసింది. నేనే చంపబోయానంటూ కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

ఒంట్లో బలం వచ్చాక ఎండోస్కోపీ సర్జరీ చేశారు. నోట్లోంచే వెళ్లి, సంచికీ అన్నవాహికకూ మధ్య గోడను కోసి స్టేపుల్ వేశారట. మెడ మీద చిన్న గాటు కూడా లేదు. తర్వాత జ్వరం వచ్చి కొన్నాళ్లు ముక్కులో వేసిన తిండి ట్యూబుతోనే ఉన్నాను. అది తీసి చెంచాతో నీళ్లు పోస్తే, చప్పుడు లేకుండా దిగిపోయాయి. ఒక్క గుక్క దిగడం ఇంత గొప్ప సంగతా అని ఏడ్చేశాను.

ఇప్పుడు నెమ్మదిగా, నమిలి అన్నీ తింటున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. తిన్నది అరగకుండా నోట్లోకి వస్తుంటే ఆరోజే ఇంట్లోవాళ్లకు చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. నేను చెప్పి ఉంటే, నన్ను బతికించాలని ముద్దలు చేసిన మనిషి, తానే చంపబోయానని ఏడ్చేది కాదు.