నీళ్లు చల్లిన క్లబ్బు

మా మిర్చి యార్డులో కాయ విరిచి, వాసన చూసి నాణ్యం చెప్పే భాయిగారు ఒకరుండేవారు. టీకొట్టు టీవీలో ఫుట్‌బాల్ చూసేటప్పుడూ ఆయన చేతిలో ఎండుమిరపకాయ ఉండాల్సిందే. ఏ జట్టు గురించైనా ముందు కాయ విరిచి వాసన చూసేవారు, ఆ తర్వాతే మాట.

ఇటలీ జట్లు గోలు పడకుండా కాచుకుంటుంటే, “తొడిమ గట్టిది, ఊడదు” అనేవారు. స్పెయిన్ వాళ్లు గోలు కొట్టకుండా బంతిని అటూ ఇటూ తిప్పుతుంటే, “ఎంతసేపు ఆరబెడతారయ్యా, బస్తాకెత్తండి!” అని అరిచేవారు.

నా అభిమాన ఇంగ్లండు క్లబ్బును ఓ విదేశీ కోటీశ్వరుడు కొన్న రోజున నేను యార్డంతా మిఠాయి పంచాను. భాయిగారు కాయ విరిచారు.

“నీళ్లు చల్లిన సరుకురా అబ్బాయ్. తూకం పెరిగింది, ఘాటు పెరగలేదు.”

నాకు ఒళ్లు మండింది. “భాయ్‌కి జలుబు చేసి ముక్కు పోయింది, ఆయన మాటేం నమ్ముతారు!” అని అందరిముందూ అన్నాను. ఎగతాళికే అన్నాను గానీ యార్డు నమ్మేసింది. వ్యాపారులు ఆయనకు కాయలు చూపించడం మానేశారు. ముక్కుతో బతికే మనిషి ఆ మిర్చి సీజనంతా టీకొట్టులో ఖాళీగా కూర్చున్నారు.

కొత్త ఆటగాళ్లెందరొచ్చినా నా క్లబ్బు కింది లీగుకు జారిపోయింది. వెళ్లి, “తప్పయిపోయింది, భాయ్” అన్నాను. ఆయన వంగి నా భుజం వాసన చూశారు.

“ఇంకా తడిగానే ఉన్నావురా. రెండెండలు పడాలి.”

మర్నాడు యార్డులో అందరికీ వినబడేలా నిజం చెప్పాను. అది ఒక ఎండ. భాయిగారి ముక్కుకు ఏనాడూ ఏమీ కాలేదని ఇప్పుడు రాస్తున్నాను. ఇది రెండోది.