వ్యాను సీటుకు తెల్ల గలేబు

1963 జూన్‌లో నన్ను నందిగామ తాలూకాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ విజిటరుగా వేశారు. మాది జగ్గయ్యపేట. అందుకని ఆ చుట్టుపక్కల దారులూ, వాగులూ నాకు కొత్త కాదు. హెల్త్ విజిటరంటే ఏమిటని ఇప్పటివాళ్ళు అడుగుతుంటారు. హోదాలో మిడ్‌వైఫ్‌కు పైన, డాక్టరుకు కింద. ఊళ్ళు తిరిగి గర్భిణులను చూడడం, కష్టమయ్యేట్టున్న కాన్పును ముందే పసిగట్టి ఆసుపత్రికి చేర్చడం, మిడ్‌వైఫ్‌ల పని తనిఖీ చేయడం నా విధులు. మెడికల్ ఆఫీసరు రంగనాయకులు గారు నాకు పై అధికారి.

కేంద్రానికి ఒక పాత వ్యాను ఉండేది. నడిపేది మస్తాన్ గారు. వయసులో నాకంటే బాగా పెద్ద, లారీల మీద చేయి తిరిగిన మనిషి. వ్యానులో వెనక అడ్డంగా ఒక పొడవాటి సీటు. కాళ్ళు కాస్త ముడుచుకుంటే మనిషి పడుకోవచ్చు. నొప్పులు పడే మనిషిని ఆ సీటు మీదే పడుకోబెట్టి బెజవాడ పెద్దాసుపత్రికో, జగ్గయ్యపేటకో తీసుకెళ్ళేవాళ్ళం. పైన రెక్సిన్ ఎప్పుడో చిరిగిపోయింది. ఆ చిరుగుల్లోంచి ఉమ్మనీరు, నెత్తురు, వాంతులు అన్నీ లోపలి కొబ్బరిపీచులోకి దిగాయి. పైపైన ఫినాయిలు పెట్టి ఎంత తుడిచినా ఎండెక్కేసరికి వాసన గుప్పుమనేది.

నేను చేరిన నెలలోనే ముక్త్యాల వైపు ఒక ఊళ్ళో తొలిచూలు మనిషికి బిడ్డ అడ్డం తిరిగింది. వ్యాను గుమ్మం ముందుకు తెప్పించాను. వాళ్ళ అత్తగారు తలుపు తీసి చూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఇందులో ఎవరెవరి మైల ఉందో ఏందో! మా పిల్లని దీంట్లో పడుకోబెట్టనమ్మా. నువ్వైతే పడుకుంటావా?"

వాళ్ళు ఎడ్లబండి కట్టుకునే బయల్దేరారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. వ్యానులో వెళ్ళి ఉంటే దక్కేదని గట్టిగా చెప్పలేను గానీ, ఆ అత్తగారిది తప్పని మాత్రం నాకు ఆ రోజూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

మర్నాడు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి సీటు మార్పించాలన్నాను. ఆయన నిబంధన చెప్పారు. ప్రభుత్వ వాహనానికి ఏ మరమ్మతైనా జిల్లా గ్యారేజీలోనే జరగాలి. అక్కడికి పోయిన బండి ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరూ చెప్పలేరు. ముందు వానాకాలం. నల్లరేగడి నేలల్లో ఎడ్లబండి ఇరుసు దాకా దిగబడే రోజులు. వ్యాను లేకుండా ఆ నెలలు గడిచేవి కావు.

"దిండుకి గలేబు మార్చడానికి గ్యారేజీ ఎందుకండీ?" అన్నాను.

ఆసుపత్రి పరుపులు బాగు చేయించడం, దుప్పట్లు, గలేబులు కుట్టించడం మెడికల్ ఆఫీసరు సొంత అధికారంలోని పనులు. సీటు వాహనంలో భాగమే గానీ, రోగి పడుకుంటున్నప్పుడు అది పరుపు. ఆ వాదన నిలుస్తుందని డాక్టరు గారికి తోచింది కాబోలు, "బండికి మేకు కూడా కొట్టకండి. పరుపు సంగతి మీరు చూసుకోండి" అన్నారు.

గుడ్డ ఎంచడం దగ్గర మస్తాన్ గారికీ నాకూ వాదన వచ్చింది. ఆయన మళ్ళీ రెక్సినే వేద్దామన్నారు. రెక్సిన్ ఎండకు కాలుతుంది, చెమట పట్టిన ఒంటికి అతుక్కుంటుంది. అన్నిటికీ మించి దాన్ని ఉడకబెట్టలేం. జగ్గయ్యపేట బజారులో దుకాణాలన్నీ తిరిగి చివరికి డ్రిల్లు గుడ్డ ఎంచుకున్నాను. అప్పట్లో పోలీసుల నిక్కర్లు కుట్టే మందపాటి నూలుగుడ్డ అది. సోడా వేసి కాగులో మరిగించినా చెక్కుచెదరదు. ఇక రంగు.

"కాఫీరంగు తీసుకోండమ్మా, మరక కనపడదు" అన్నారు మస్తాన్ గారు.

"కనపడకపోతే ఉతికేదెవరండీ?"

"తెల్లదైతే రోజూ ఉతకాలి మరి."

"ఉతకడానికేగా కొంటున్నా."

తెల్లదే తీసుకున్నాం, రెండు జతలకు సరిపడా. కత్తెర పెట్టకముందే గుడ్డంతా ఒక పూట నానబెట్టి, గంజి పోయేదాకా పిండి ఆరేశాను. కొత్త డ్రిల్లు మొదటి ఉతుకుకే ముడుచుకుపోతుంది. ముందే కుట్టేస్తే ఆ తర్వాత సీటుకు ఎక్కదు.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పని మొదలుపెట్టాం. ఈలోగా ఎవరికైనా అవసరమొస్తే వ్యాను నేల మీద పరవడానికి కొత్త చాప, పరుపు సిద్ధంగా ఉంచాం. సీటు బోల్టులు తుప్పు పట్టి ఉంటే మస్తాన్ గారు కిరసనాయిలు పోసి నాననిచ్చి విప్పారు. సీటును వరండాలో పెట్టి పాత రెక్సిన్‌ను చింపకుండా కుట్ల వెంట విప్పాను. ఏ ముక్క ఎక్కడిదో సుద్దతో గుర్తులు పెట్టి డ్రిల్లు మీద పరిచి, కుట్టుకు రెండు వేళ్ళ వెడల్పు వదిలి కత్తిరించాను. పాత పీచు తగలబెట్టాం. స్ప్రింగులు రుద్ది, సడలినవి పురికొసతో బిగించి, పైన గోనెపట్టా, దాని మీద ఎండలో విడదీసిన కొత్త పీచు పరిచాం. ఆ పీచు మీద మెకింటాష్ చుట్టి గట్టిగా కట్టాను. కాన్పు బల్లల మీద వేసే రబ్బరు గుడ్డను మేం అలా అంటాం. తడి కిందికి దిగకుండా అది ఆపుతుంది. అన్నిటికీ పైన డ్రిల్లు గలేబు. మేకులకు బదులు అడుగున నాడాలు పెట్టాను.

నా చేతిమిషను మూలల దగ్గర మొరాయించింది. నాలుగు మడతల డ్రిల్లుకు సూదులు విరిగాయి. ఆ మూలలు దబ్బనంతో చేత్తోనే కుట్టాను. వేళ్ళు బొబ్బలెక్కాయి.

సాయంత్రానికి సీటు బిగించి చూసుకుంటే తెల్లగా, ముడత లేకుండా మెరిసిపోతోంది. మస్తాన్ గారు మురిసిపోయి దాని మీద కూర్చున్నారు. బుస్సుమని మెకింటాష్ పూరీలా పొంగింది. లోపలి గాలికి దారి లేదు. వెనక అంచున మెకింటాష్ కట్లు విప్పి తెరిచి ఉంచితే పొంగు పోయింది. తర్వాత నేనే రోగిలా పడుకుని వ్యాను నడపమన్నాను. చిల్లకల్లు దాకా వెళ్ళాం. ఒక గేదె అడ్డం వస్తే ఆయన బ్రేకు వేశారు. నేను గలేబుతో సహా జారి కింద పడ్డాను. రబ్బరు మీద నూలుగుడ్డ నిలవలేదు.

"దెబ్బ తగిలిందా అమ్మా?" అని ఆయన కంగారుపడ్డారు. "నాక్కాదు, మన పనికి తగిలింది" అన్నాను.

తిరిగొచ్చేసరికి డాక్టరు గారు వరండాలో పడక కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఆయన లేచాక ఆ కుర్చీ గుడ్డ ఎలా నిలుస్తోందో వంగి చూశాను. అంచు మడిచి కుట్టిన గొట్టంలోంచి కర్ర దూర్చి ఉంది. గుడ్డ ఎంత లాగినా కర్ర రానివ్వదు. మా గలేబుకూ వెనక అంచు పొడిగించి, అలాంటి గొట్టం కుట్టి, వెదురు బద్ద దూర్చాను. దాన్ని సీటుకూ వీపు దిండుకూ మధ్య సందులోకి తోసి లాగితే అడ్డం తిరిగి బిగుసుకుంది. మళ్ళీ పడుకున్నాను. ఈసారి మస్తాన్ గారు కావాలనే గట్టిగా బ్రేకులు వేశారు. గలేబు జరగలేదు.

ఆగస్టులో వాన తెరిపివ్వని ఒక ఉదయం చిల్లకల్లు అవతలి పల్లె నుంచి కబురొచ్చింది. మనిషి పేరు చిట్టెమ్మ. మూడో కాన్పు. ఉమ్మనీరు పోయి చాలాసేపయింది, నొప్పులు ఆగిపోయాయి. వ్యాను తలుపు తీయగానే ఆమె తల్లి తెల్లటి సీటు చూసి వెనకాడింది.

"అయ్యో, ఇది పాడైపోద్దేమో నర్సమ్మా!"

"పాడవడానికే వేశానమ్మా, ఎక్కించండి" అన్నాను.

దారిలో వాగు పొంగి రోడ్డు మీదికొచ్చింది. నీళ్ళు తగ్గేదాకా ఆగక తప్పలేదు. కుదుపులకో ఏమో, నొప్పులు మళ్ళీ మొదలయ్యాయి. మస్తాన్ గారు దిగి వానలో అటు తిరిగి నిలబడ్డారు. చిట్టెమ్మ సీటు అంచు పట్టుకుని బలంకొద్దీ ముక్కింది. ఎంత గుంజినా గలేబు కదల్లేదు, ఆమె జారలేదు. ఆడపిల్ల పుట్టింది. ఏడవడానికి కాస్త జాగు చేసింది. నోరు తుడిచి, వీపు రుద్దాక కేరుమంది. వానలోంచే మస్తాన్ గారు "అల్హందులిల్లా" అనడం నాకు వినిపించింది.

తల్లికి నెత్తురు ఎక్కువే పోయింది. ఎంత పోతోందో ఆ తెల్లగుడ్డ మీద నాకు స్పష్టంగా తెలిసింది. కాఫీరంగు మీద తెలిసేది కాదు. అందుకే ఆలస్యం చేయకుండా పొత్తికడుపు మర్దన చేసి, సూది మందు ఇచ్చి ఆపగలిగాను. నీళ్ళు తగ్గాక ఇద్దరినీ క్షేమంగా కేంద్రానికి చేర్చాం. నాడాలు విప్పి గలేబు కాగులో వేశాను, మెకింటాష్ కడిగాను, రెండో జత తొడిగాను. మధ్యాహ్నం ఇంకో ఊరి నుంచి కబురొస్తే అదే వ్యాను, వాసన లేకుండా, బయల్దేరింది.

ఆ చలికాలంలో జిల్లా ఆరోగ్యాధికారి తనిఖీకి వచ్చారు. వ్యాను తలుపు తీసి, ఇది ఎవరి అనుమతితో చేశారని అడిగారు. రంగనాయకులు గారు తడుముకోకుండా, "వాహనాన్ని ముట్టుకోలేదండి. పరుపు బాగు చేసి గలేబు వేయించాను. కుట్టింది మా హెల్త్ విజిటరు గారే" అన్నారు. జిల్లా అధికారి వంగి ఒక నాడా తానే విప్పి చూశారు. వెదురు బద్ద బయటికి లాగి, మళ్ళీ పెట్టడం నన్ను చూపించమన్నారు. వెళ్ళేటప్పుడు ఒక జత నమూనాగా పంపమన్నారు. నా ఉద్యోగంలో తర్వాత ప్రశంసాపత్రాలు వచ్చాయి గానీ, ఒక జిల్లా అధికారి మోకాళ్ళ మీద వంగి నా కుట్టును పరిశీలించిన ఆ పూట కలిగిన గర్వం వాటివల్ల కలగలేదు.

కొన్నేళ్ళకు నేను పబ్లిక్ హెల్త్ నర్సునై వేరే కేంద్రాల తనిఖీకి వెళ్ళినప్పుడు, మైలవరం దారిలో ఒక చోట ఆ నమూనాతోనే కుట్టిన గలేబు కనిపించింది. చూపుకు నాదానికంటే అందంగా ఉంది. ముడత పడకూడదని చుట్టూ వరసగా మేకులు కొట్టేశారు. వేసినప్పటి నుంచి ఉతకలేదట, విప్పే వీల్లేదు మరి. పటకారు తెప్పించి మేకులన్నీ నేనే పీకి, నాడాలు కుట్టించి వచ్చాను. అప్పటి నుంచి ఆసుపత్రికి ఏ వస్తువు కొన్నా, ఏది చేయించినా, అది ఎంత బాగా అమరిందో తర్వాత చూసేదాన్ని. ఎంత తేలిగ్గా విప్పి కడగవచ్చో ముందు చూసేదాన్ని. నా కింద పనిచేసిన వాళ్ళకు నేర్పిందీ అదే.