బావ కారు మీద తెల్ల మచ్చలు

కారు కడగమని నన్నెవరూ అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

అమ్మకి కంటి ఆపరేషన్ విశాఖపట్నంలో. నరసన్నపేట నుంచి ఆవిణ్ణి బస్సుల్లో తిప్పలేను, నాకు కారు లేదు. సంగతి విని, శృంగవరపుకోటలో ఉండే మా అక్క బావని అడిగింది. మా బావ తన నల్ల కారుని సొంత తమ్ముడికి కూడా ఇవ్వడు. ఎవరైనా దాని మీద చెయ్యి ఆనించి నిలబడితే, మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆ చెయ్యి తీసి పక్కన పెడతాడు. అక్క ఏం చెప్పి ఒప్పించిందో గాని, తాళం నా చేతిలో పెడుతూ ఒక్క మాట అంది.

"నా మాట మీద ఇస్తన్నార్రా. నాకు మాట రానీకు."

ఆపరేషన్ బాగానే జరిగింది, నరసన్నపేట ఇంటికి వచ్చేశాం. అమ్మని చూడ్డానికి అక్కా బావా ఆదివారం రైల్లో వస్తామన్నారు, వెళ్ళేటప్పుడు కారు పట్టుకెళ్ళిపోతారు. మా ఇంట్లో ఎవరి గిన్నె తెచ్చుకున్నా తోమకుండా తిరిగివ్వరు, ఖాళీగా అసలివ్వరు, అడుగున పిడికెడు పంచదారైనా ఉండాలి. ఆ పెంపకంలో పెరిగినవాణ్ణి, దుమ్ము కారు ఎలా ఇస్తాను? శనివారం పదకొండు గంటలకి, ఎర్రటి ఎండలో, కారు వీధిలో పెట్టి బోరు పైపు పట్టుకున్నాను. సబ్బు నురగతో బాగా రుద్ది, నీళ్ళు కొట్టి, ఆరుతుంది కదా అని లోపలికి వెళ్ళి టీ తాగాను.

వచ్చి చూస్తే కారంతా తెల్ల మచ్చలు. ఎక్కడ నీటి బొట్టు ఆరిందో అక్కడ గుండ్రంగా ఒక మచ్చ. తడిగుడ్డతో తుడిస్తే పోయినట్టే పోయి, ఆరగానే మళ్ళీ తేలాయి. మళ్ళీ కడిగాను, అవే బోరు నీళ్ళు, అదే ఎండ. మచ్చలు రెట్టింపయ్యాయి. దుమ్ముతో ఇచ్చి ఉంటే దుమ్మే ఉండేది. వినాయకుణ్ణి చేయబోతే కోతి కావడం అంటే ఇదే అనుకుని పైపు నేలకేసి కొట్టాను.

అరుగు మీద నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న అమ్మ ఆ చప్పుడికి, "ఏటైనాదిరా?" అంది. చెప్పాను.

"బోరు నీళ్ళ సున్నంరా అది. సింతపండెట్టి తోమీ. గుడిలో కుందులకి ఇంతింత మచ్చలు కట్టీవి, సింతపండుకి పోనివేటున్నాయి?"

అమ్మ చాలా ఏళ్ళు గుడిలో ఇత్తడి సామాను తోమింది. ఆవిడ తోమిన దీపపు కుందుల్లో మొహం చూసుకోవచ్చు. అందుకే నాకు ఎదురు చెప్పాలని తోచలేదు. కారు ఇత్తడి కాదన్న ఇంగితం ఆ క్షణాన ఎక్కడికి పోయిందో! చింతపండు ముద్ద నానబెట్టి, పీచుతో సహా పట్టుకుని, కుంది తోమినట్టే బానెట్ తోమాను. "గట్టిగా తోము, సేతిలో బలం లేదేటి?" అని అద్దాల వెనకనుంచి అమ్మ హుకుం. మచ్చలు నిజంగానే పలచబడ్డాయి. నీళ్ళు కొట్టి చూస్తే వాటి కింద సన్నటి గీతలు, బానెట్ ఈ చివర నుంచి ఆ చివరకి.

నాకు ఏడుపొక్కటే తక్కువ. సాయంత్రం హైవే పక్కన కార్లు కడిగే షెడ్డుకి తీసుకెళ్ళాను. షెడ్డాయన నన్ను పైకీ కిందకీ చూశాడు.

"ఎండలో ఎవులు కడగమన్నారండీ? నీడనెట్టాల, రేకు సల్లబడనివ్వాల. ఒక పక్క కడగ్గానే, బొట్టు ఆరకముందే మెత్తటి గుడ్డతో తుడిసీయాల. బోరు నీళ్ళు సొంతంగా ఆరితే మచ్చ పడకేటవుతాది?"

వెనిగర్లో సగం నీళ్ళు కలిపి, మెత్తటి గుడ్డ తడిపి, మచ్చల మీద కాసేపు ఆనించి ఉంచాడు. తర్వాత ఫిల్టరు నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో అద్దాడు. రుద్దనే లేదు. మచ్చలు పోయాయి.

"సున్నం కాబట్టి పోనాది. గీతలు నా సేతిలో లేవు బాబూ" అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఆమదాలవలస స్టేషన్ బయట వాళ్ళ కోసం నిలబడ్డాను. ఎలా చెప్పాలో రాత్రంతా అనుకుంటూనే ఉన్నాను. బావ వచ్చీ రాగానే నన్ను పలకరించకుండా కారు దగ్గరికి నడిచాడు. ఎండలో గీతలు తళతళా కనిపిస్తున్నాయి. బానెట్ మీద వేలుతో రాసి చూశాడు. వైపర్ సందులోంచి ఏదో లాగాడు.

"ఇదేటి? సింతపండు పీసా?"

అక్క ఆ పీచు వంక ఒక్కసారి చూసింది. అదే ఇంట్లో పుట్టిన మనిషి, అర్థం కావడానికి ఎంతసేపు?

"నేనే సెప్పేనండి. నీళ్ళ మచ్చలు పడ్డాయని ఫోన్ సేస్తే, సింతపండెట్టి తోమీమన్నాను."

"బుర్రుందేటే నీకు? కారు ఇత్తడి సెంబనుకున్నావా?"

ఆటోల వాళ్ళంతా ఇటు తిరిగి చూశారు. అక్క తలొంచుకుంది. నేను నోరు విప్పాల్సింది అక్కడే. విప్పలేదు. వెనక తలుపు తీసుకుని, బుద్ధిమంతుడిలా కూర్చున్నాను.

నరసన్నపేట దాకా బావ తిడుతూనే ఉన్నాడు. అక్క ఊఁ కొడుతూనే ఉంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. చూసి ఉంటే నిజం చెప్పేసేవాణ్ణని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అదీ అబద్ధమే. చెప్పేవాణ్ణి కాదు.